స్పోర్ట్స్ కారు ఇంజిన్ వేడెక్కుతోందా? కారణాన్ని పట్టుకునే క్రమం

ఇంజిన్ వేడెక్కుతోందని తెలియగానే చాలామంది ముందు థర్మోస్టాట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని వేడిని బట్టి రేడియేటర్‌కు వదిలే వాల్వు) మారుస్తారు. అప్పటికీ తగ్గకపోతే వాటర్ పంప్, ఆ తరువాత రేడియేటర్, చివరికి ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతారు. ఈ పద్ధతిలో అసలు కారణం ఎప్పటికో దొరకవచ్చు గానీ, ఈలోగా ఇంజిన్ మరో నాలుగుసార్లు మితిమీరి వేడెక్కి, చిన్న పైపు లీకుగా మొదలైన లోపం వంగిపోయిన సిలిండర్ హెడ్ దాకా వెళ్తుంది. స్పోర్ట్స్ కారులో ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇరుకైన జాగాలో అధిక శక్తినిచ్చే ఇంజిన్ ఉంటుంది, దాని చుట్టూ గాలి ఆడే చోటు తక్కువ, హెడ్లూ చాలావరకు బ్లాకులూ అల్యూమినియంవే కావడం వల్ల ఒక్కసారి హద్దు దాటి వేడెక్కినా ఆకారం కోల్పోయే అవకాశం ఉంటుంది.

పెట్రోలు ఇంజిన్‌లో మండిన ఇంధనపు శక్తిలో రమారమి మూడో వంతు మాత్రమే కారును నడపడానికి పనికొస్తుంది. మరో మూడో వంతు పొగతో పాటు బయటికి పోతుంది. మిగిలిన దానిలో అధిక భాగాన్ని ఇంజిన్‌లో తిరిగే కూలెంట్ ద్రవమూ ఇంజిన్ ఆయిలూ మోసుకెళ్ళి గాలికి అప్పగించాలి. అంటే కూలింగ్ వ్యవస్థ చేసే పని మూడు ముక్కల్లో ఉంది: కూలెంట్ సరిపడా ఉండాలి, అది తిరుగుతూ ఉండాలి, రేడియేటర్ గుండా గాలి పోతూ ఉండాలి. వీటిలో ఏది తప్పిందో ఇంజిన్ తనంతట తానే చెబుతుంది. ఎప్పుడు వేడెక్కుతోంది, ఎంత వేగంలో వేడెక్కుతోంది, ఎంతసేపటికి వేడెక్కుతోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకున్న తరువాతే స్పానర్ చేతిలోకి తీసుకోవాలి.

దారిలో ఉండగా వేడెక్కితే

డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకుతున్నట్టు కనిపించగానే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడి మీద, బ్లోయర్‌ను పూర్తి వేగం మీద పెట్టండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కనుక కొంత వేడిని కారు లోపలికి లాగేస్తుంది. ఆవిరి కనిపించినా, ముల్లు ఎర్ర గీతను చేరినా, ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ఇంకో కిలోమీటరు వెళితే ఫలానా చోటు వస్తుందన్న ఆలోచన పెట్టుకోకూడదు. ఆవిరి లేకుండా, ట్రాఫిక్‌లో నిలబడినందువల్ల మాత్రమే ముల్లు కొద్దిగా పెరిగితే ఇంజిన్‌ను ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజిన్ మాత్రం నడిచేలా) ఉంచి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో గమనించడం మేలు.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత గానీ కూలెంట్ ట్యాంకు మూత గానీ తెరవకూడదు. సగం నీళ్ళు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు గాలి పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరిగితే, 15 పీఎస్‌ఐ (పీఎస్‌ఐ అంటే పీడనం కొలమానం) నిలిపే మూత కింద దాదాపు 129 డిగ్రీల వరకు మరగదు. మూత తిప్పిన క్షణంలో ఆ పీడనం పోయి, 115 డిగ్రీల ద్రవం ఒక్కసారిగా ఆవిరై చేతుల మీదికీ ముఖం మీదికీ చిమ్ముతుంది. రేడియేటర్ పైపును వేళ్ళతో నొక్కితే మెత్తగా అణిగేంతవరకు ఆగాలి. దానికి గంట పట్టినా సరే. కాగుతున్న ఇంజిన్‌లో చన్నీళ్ళు పోయడం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే వేడి లోహం ఒక్క చోట హఠాత్తుగా కుంచించుకుపోతే పగులుతుంది. ఇంకో మాట: ఎలక్ట్రిక్ ఫ్యాన్లు ఇగ్నిషన్ ఆపిన తరువాత కూడా వాటంతటవే తిరగడం మొదలుపెట్టగలవు కాబట్టి రెక్కల దగ్గర చెయ్యి పెట్టవద్దు. కింద ఒలికిన కూలెంట్‌ను కడిగేయండి. అది తియ్యగా ఉండి కుక్కల్నీ పిల్లుల్నీ ఆకర్షిస్తుంది, కొద్దిగా నాకినా వాటి ప్రాణం తీస్తుంది.

మొదటి మెట్టు: వేడి నిజమేనా?

డాష్‌బోర్డు మీది ముల్లును నేను సాక్ష్యంగా తీసుకోను. చాలా ఆధునిక కార్లలో కూలెంట్ 80 డిగ్రీల నుంచి 105 డిగ్రీల వరకు ఎక్కడ ఉన్నా ముల్లు సరిగ్గా మధ్యలోనే నిలబడేలా తయారీదారులే ఏర్పాటు చేస్తారు. అది కదలడం మొదలయ్యేసరికి పరిస్థితి అప్పటికే ముదిరి ఉంటుంది. ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే సాకెట్టుకు) ఒక స్కానర్ తగిలించి, కూలెంట్ ఉష్ణోగ్రతను అంకెల్లో చూడండి. ఎక్కువ కార్లలో 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండటం మామూలు విషయం; కొన్ని ఇంజిన్లు ఇంధనం ఆదా కోసం నెమ్మదిగా నడిచేటప్పుడు కావాలనే 105 దాకా పోనిచ్చి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే కంప్యూటర్ సాయంతో దించుతాయి. మీ కారు సర్వీసు పుస్తకంలోని అంకెతో పోల్చుకోకుండా ఏ అంకెనూ చూసి కంగారు పడవద్దు.

సెన్సర్ అబద్ధం చెబుతోందా అన్నది చల్లని ఇంజిన్ మీదే తేలుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో ఉదయం ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేస్తే కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఉష్ణోగ్రత రెండూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి 24, మరొకటి 41 చూపితే వాటిలో ఒక సెన్సర్ తప్పు. ఇంజిన్ వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో సరిచూసుకోవచ్చు గానీ, మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే అది అసలు వేడి కంటే చాలా తక్కువ చూపుతుంది. థర్మోస్టాట్ గూడు మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గానీ, రబ్బరు పైపు మీద గానీ కొలవాలి. ఈ టేపు ముక్క పెట్టకుండా కొలిచి, "ఇంజిన్ చల్లగానే ఉంది, సెన్సరే పోయింది" అని తేల్చిన సందర్భాలు నేను ఎన్నో చూశాను.

రెండో మెట్టు: ఏ సమయంలో వేడెక్కుతోంది

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు ఇది చదవండి. సగం నిర్ధారణ ఇక్కడే జరిగిపోతుంది.

ట్రాఫిక్‌లో నిలబడితే వేడెక్కి, కారు కదలగానే చల్లబడితే లోపం గాలి వైపు ఉంది: ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజ్, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు (ష్రౌడ్). దీనికి విరుద్ధంగా, ఊళ్ళో బాగానే ఉండి, రహదారి మీద 100 కిలోమీటర్ల వేగం దాటాక మెల్లమెల్లగా ఎక్కుతుంటే ఫ్యాన్‌ను అనుమానించి లాభం లేదు, ఎందుకంటే ఆ వేగంలో గాలిని తోసేది కారు వేగమే. అప్పుడు చూడాల్సినవి లోపల పూడుకుపోయిన రేడియేటర్, బయట మట్టి పట్టిన ఫిన్లు (రేడియేటర్ గొట్టాల మధ్య ఉండే పలుచని లోహపు రేకులు), ఊడిపోయిన అడుగు పలక, సగమే తెరుచుకుంటున్న థర్మోస్టాట్, నీరు నెట్టలేని పంప్, పంప్ లాగే బలానికి అణిగిపోతున్న రేడియేటర్ కింది పైపు.

చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన అయిదారు నిమిషాల్లోనే హద్దు దాటితే థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయి ఉండాలి, లేదా కూలెంట్ బాగా తక్కువై ఉండాలి, లేదా పంప్ అసలు తిరగకపోయి ఉండాలి. ముల్లు పైకి ఎగిరి, వెంటనే కిందికి దిగి, మళ్ళీ ఎగురుతుంటే లోపల గాలి గానీ మండిన గ్యాసు గానీ బుడగలుగా తిరుగుతోందని అర్థం. ముల్లు హఠాత్తుగా చల్లని వైపు పడిపోతే సంతోషించవద్దు. కూలెంట్ మొత్తం పోయి సెన్సర్ ఖాళీలో మిగిలిపోయినప్పుడు కూడా అలాగే జరుగుతుంది.

హీటర్ ఇచ్చే ఆధారం చాలా విలువైనది. ఇంజిన్ 110 డిగ్రీలు చూపుతుండగా హీటర్ నుంచి చల్లని గాలి వస్తుంటే కూలెంట్ హీటర్ దాకా చేరడం లేదు; తక్కువగా ఉందో, గాలి అడ్డుపడిందో, పంప్ పని చేయడం లేదో ఈ మూడింటిలో ఒకటి. హీటర్ భగభగా వేడి గాలి ఇస్తుంటే ఇంజిన్‌లో ప్రవాహం ఉంది, కనుక చూపు రేడియేటర్ వైపు తిప్పాలి.

ఇక రేస్ ట్రాక్ మీద గానీ, పొడవైన కొండ ఎక్కేటప్పుడు గానీ మాత్రమే వేడెక్కే కారు వేరే తరగతికి చెందుతుంది. అక్కడ ఏ భాగమూ చెడిపోకపోవచ్చు. దాని సంగతి చివర్లో.

మూడో మెట్టు: చల్లని ఇంజిన్ మీద కూలెంట్, మూత, లీకు

పూర్తిగా చల్లబడ్డాక మూత తెరిచి స్థాయి చూడండి. పీడనం భరించే ట్యాంకు ఉన్న కార్లలో ట్యాంకు మీది గీతలే ప్రమాణం. పక్కన విడి డబ్బా ఉండే పాత పద్ధతి కార్లలో మాత్రం డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ ఖాళీగా ఉండవచ్చు, ఎందుకంటే చల్లబడేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి లాక్కునేలా చేసేది మూతలోని చిన్న వాక్యూం వాల్వు, అది పాడైతే నీరు తిరిగి రాదు. కాబట్టి అలాంటి కారులో రేడియేటర్ మూతే తెరిచి చూడాలి.

కూలెంట్ రంగును బట్టి రకాన్ని నిర్ణయించవద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి తయారీదారులు తమ ఇష్టానికి కలిపే రంగులే తప్ప ప్రమాణాలు కావు. పొసగని రెండు రకాలు కలిస్తే జిగురుగా మారి రేడియేటర్ సన్నని గొట్టాల్ని మూసేస్తుంది. వేలితో తీసి రుద్ది చూడండి: ఇసుకలా తగిలితే తుప్పు; గోధుమ రంగు మీగడలా ఉంటే ఆయిల్ కలిసింది. ఆయిల్ కలవగానే హెడ్ గాస్కెట్ అని తీర్పు చెప్పేయడం తొందరపాటు. చాలా స్పోర్ట్స్ కార్లలో కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్చేంజర్ ఒకటి ఉంటుంది, దానిలో పగులు వచ్చినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

లీకును కంటితో వెతికే ముందు పీడన పరీక్ష చేయడం నా అలవాటు. చేతి పంపును మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం వరకు మాత్రమే గాలి కొట్టి, పదిహేను నిమిషాలు పంపు మీది పీడన ముల్లును గమనించాలి. ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. పైపుల చివర్లు, క్లిప్పుల కింద తెల్లగా ఎండిన మరకలు, వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం, ప్లాస్టిక్ రేడియేటర్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు, కారు లోపల ముందు సీటు దగ్గరి కార్పెట్ తడి అన్నీ చూడాలి. వేటిలోనూ తడి లేకుండా ముల్లు దిగుతుంటే, స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి చూడాల్సిన సమయం వచ్చినట్టే. అదే పరికరంతో మూతను కూడా పరీక్షించవచ్చు. స్ప్రింగు బలహీనపడి 15 బదులు 7 పీఎస్‌ఐ దగ్గరే వదిలేసే మూత కూలెంట్‌ను ముందుగానే మరగనిస్తుంది. మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే చవకైన భాగం ఇదే, అందరూ ఆఖరున అనుమానించేదీ ఇదే.

కొన్ని కార్లకు సొంత బలహీనతలు ఉంటాయి, వాటిని ముందే తెలుసుకోవడం మంచిది. 996, 997 తరాల పోర్ష 911 జీటీ3, టర్బో కార్లలోని మెట్స్‌గర్ అనే ఇంజిన్లలో కూలెంట్ పైపుల్ని లోహపు గూళ్ళలో జిగురుతో అతికించారు. ఏళ్ళు గడిచాక ఆ అతుకు వీడి, పైపు ఒక్కసారిగా బయటికి వచ్చి, కూలెంట్ మొత్తం వెనక టైర్ల మీద పడుతుంది. అక్కడ చిన్న తడి కనిపించినా దాన్ని చిన్న లీకుగా భావించకూడదు.

నాలుగో మెట్టు: గాలి నడిచే దారి

స్పోర్ట్స్ కారు నిర్ధారణ మామూలు కారు నిర్ధారణతో విడిపోయేది ఇక్కడే. ఎదురుగా పెద్ద గ్రిల్లు, దాని వెనక రేడియేటర్ అన్న సాదా అమరిక ఇందులో అరుదు. 1996లో వచ్చిన బాక్స్‌టర్ నుంచి నీటితో చల్లబడే పోర్ష స్పోర్ట్స్ కార్లలో రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో, నేలకు దగ్గరగా ఉంటాయి. అక్కడి నోళ్ళు రోడ్డు మీది ఎండుటాకుల్ని పీల్చుకుని, ముందు నిలబడి ఏసీ వేడిని వదిలే కండెన్సర్‌కూ దాని వెనకి రేడియేటర్‌కూ మధ్య పేరుస్తాయి. కొన్ని కొర్వెట్‌లలో, ముఖ్యంగా 1997-2004 నాటి సీ5 తరంలో, రేడియేటర్‌కు గాలి ఎదురుగా కాక బంపర్ అడుగు నుంచి వస్తుంది. కింద వేలాడే నల్ల రబ్బరు పలక గాలిని పైకి మళ్ళిస్తుంది. స్పీడ్ బ్రేకర్‌కు తగిలి అది ఊడిపోతే యజమానికి అలంకారం పోయినట్టే అనిపిస్తుంది గానీ, రహదారి మీద ఇంజిన్ వేడెక్కడం ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ఇంజిన్ మధ్యలో ఉండే ఒక రెండు సీట్ల కారుతో నేను మూడు వారాలు పోరాడాను. ఐడిల్‌లో 92, ఊళ్ళో 95, రహదారి మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంలో ఇరవై నిమిషాలకు 112. బయటి నుంచి టార్చి వేసి చూస్తే కండెన్సర్ ఫిన్లు శుభ్రంగా మెరుస్తున్నాయి కనుక రేడియేటర్ బాగుందనుకున్నాను. చివరికి బంపర్ విప్పి, కండెన్సర్‌ను రెండు వేళ్ళ వెడల్పు ముందుకు జరిపి చూస్తే, దాని వెనక ఆకులూ పురుగులూ దుమ్మూ కలిసి ఒక దుప్పటిలా గట్టిపడి రేడియేటర్ కింది సగాన్ని పూర్తిగా కప్పేశాయి. చేత్తో లాగితే ఒక్క చాపగా ఊడి వచ్చింది. ఆ రోజు సాయంత్రం అదే రోడ్డు మీద, అదే వేగంలో 94 దాటలేదు. అప్పటి నుంచి కండెన్సర్ వెనక చూడకుండా ఏ రేడియేటర్‌కూ శుభ్రమైనదని కితాబు ఇవ్వను.

ఫిన్లను కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లని నీటిధారతో కడగాలి. హై ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్లు పడుకుండిపోయి శాశ్వతంగా దారి మూసేస్తాయి. ఆ తరువాత రేడియేటర్ చుట్టూ ఉండే ఫోము పట్టీల్నీ ప్లాస్టిక్ పలకల్నీ ఒక్కొక్కటే సరిచూడండి. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది; పక్కన వేలు దూరేంత సందు ఉంటే రేడియేటర్‌ను వదిలి అటే పోతుంది. ఆయిల్ మార్చినప్పుడు విప్పిన అడుగు పలకను తిరిగి బిగించని కార్లు ఎన్నో. ఆ పలక లేకపోతే కారు కింద పీడనం మారి, రేడియేటర్ వెనక నుంచి వేడి గాలి బయటికి లాగబడటం తగ్గిపోతుంది.

బానెట్ వెనక అంచును వాషర్లతో ఎత్తి పెట్టడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ముందు అద్దం మొదట్లో గాలి పీడనం ఎక్కువగా ఉంటుంది. కనుక వేగంలో ఆ సందు గుండా వేడి గాలి బయటికి రాదు సరికదా, బయటి గాలే లోపలికి దూరి రేడియేటర్ గుండా వచ్చే గాలిని అడ్డగిస్తుంది. ఇది చేసినవాళ్ళు ఐడిల్‌లో కొంత మేలు చూసి మురిసిపోతారు, వేగంలో జరిగే నష్టాన్ని గమనించరు.

ఫ్యాన్లు

ఏసీ ఆన్ చేస్తే చాలా కార్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటారుకు వచ్చే కరెంటు ఈ క్రమంలో చూడాలి. తిరిగినంత మాత్రాన సరిపోదు. రెండు వేగాలున్న ఫ్యాన్లలో తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోతే, తక్కువ వేగం పోయి, వేడి బాగా ముదిరాకే ఫ్యాన్ పూర్తి వేగంతో మొదలవుతుంది. స్కానర్ ద్వారా ఫ్యాన్‌కు ఆదేశం ఇచ్చి రెండు వేగాల్నీ విడివిడిగా పరీక్షించవచ్చు. గాలి దిశ కూడా చూడండి: రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టుకుంటే అది ఫిన్లకు అతుక్కోవాలి. మోటారు మార్చినప్పుడు తీగలు తారుమారైతే ఫ్యాన్ గాలిని వెనక్కి ఊదుతుంది; ఆ కారు నిలబడి ఉన్నప్పుడు ఓ మోస్తరుగా ఉండి, 40-50 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలితో పోట్లాడి వేడెక్కుతుంది.

అయిదో మెట్టు: లోపల గాలి పట్టిందా?

ఇంజిన్ వెనకా, రేడియేటర్ ముందూ ఉన్న కార్లలో కూలెంట్ కారు పొడవునా పైపుల్లో ప్రయాణించి మళ్ళీ వెనక్కి రావాలి. టయోటా ఎంఆర్2, లోటస్ ఎలీస్ వంటి కార్లలో ఆ పైపులు కింద పల్లంగా పోయి, రెండు చివర్లలో పైకి లేస్తాయి. అందువల్ల కూలెంట్ మార్చిన ప్రతిసారీ ఎత్తైన చోట్ల గాలి నిలిచిపోతుంది. కూలెంట్ మార్చిన లేదా పైపు విప్పిన వారం లోపే వేడెక్కడం మొదలైందని ఎవరైనా చెబితే, ఇంకేమీ అడగకుండా గాలినే అనుమానించాలి. డాష్‌బోర్డు వెనక హీటర్ దగ్గర నీరు గలగలమని పారిన చప్పుడు, ఒకసారి వేడిగా ఒకసారి చల్లగా వచ్చే హీటర్ గాలి దీనికి గుర్తులు.

గాలి తీయడానికి సర్వీసు పుస్తకంలో చెప్పిన బ్లీడ్ స్క్రూలన్నీ (గాలిని బయటికి వదిలే స్క్రూలు) తెలుసుకుని, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, పుస్తకంలో చెప్పిన వైపు కారును ఎత్తి, మెల్లగా నింపుతూ, ఒక్కో స్క్రూ నుంచి బుడగలు లేని ధార వచ్చాకే మూయాలి. చేతనైతే వాక్యూం ఫిల్లర్ వాడటమే ఉత్తమమని నా అభిప్రాయం. అది ముందు లోపలి గాలినంతా లాగేసి, ఆ ఖాళీలోకి కూలెంట్‌ను పీలుస్తుంది. పైగా లాగిన వాక్యూం పదిహేను నిమిషాలు నిలబడకపోతే లీకు ఉందని నింపక ముందే తెలిసిపోతుంది. గాలి పూర్తిగా తీసిన రెండు రోజులకే మళ్ళీ గాలి చేరితే, అది బయటి నుంచి రావడం లేదు. ఏడో మెట్టుకు వెళ్ళండి.

ఆరో మెట్టు: థర్మోస్టాట్, పంప్, రేడియేటర్ లోపల

చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి స్కానర్‌లో ఉష్ణోగ్రత చూస్తూ రేడియేటర్ పైపుల్ని తాకి చూడండి. థర్మోస్టాట్ మీద అచ్చు వేసిన అంకె వచ్చేవరకు రేడియేటర్ చల్లగా ఉండి, ఆ తరువాత పైపు ఒక్కసారిగా వేడెక్కాలి. అంకె దాటి పది పన్నెండు డిగ్రీలు ఎక్కినా చల్లగానే ఉంటే అది తెరుచుకోవడం లేదు. థర్మోస్టాట్ ఇంజిన్ లోపలికి నీరు వచ్చే వైపు ఉన్న కార్లలో పై పైపు ముందే గోరువెచ్చగా అవుతుంది కనుక కింది పైపును బట్టి నిర్ణయించాలి. అనుమానం ఉంటే తీసి, గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి, థర్మామీటరుతో కాచి చూడండి. అచ్చు అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, మరో పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరుచుకుంటుంది. అడుగున తగలకుండా వేలాడదీయడం ముఖ్యం, లేకపోతే గిన్నె వేడి దాన్ని ముందే తెరిపిస్తుంది.

పంప్ బెల్టుతో తిరుగుతున్నంత మాత్రాన నీరు నెడుతోందని కాదు. 1990ల నాటి బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజిన్లలో వాడిన ప్లాస్టిక్ ఇంపెల్లర్లు (పంప్ లోపల నీటిని నెట్టే రెక్కల చక్రాలు) పగిలి, పుల్లీ తిరుగుతున్నా ఇంపెల్లర్ కదలకుండా ఉండిపోయేవి. ఆ తరువాత 335ఐ వంటి కార్లలో పంపును ఎలక్ట్రిక్ మోటారుతో నడిపారు. అవి ముందస్తు సూచన పెద్దగా లేకుండానే ఆగిపోతాయి, కనుక స్కానర్‌లో పంప్ వేగాన్నీ లోపాల కోడ్‌లనూ చదవాలి. బెల్టు పంప్ ఉన్న కారులో ఒకరు ఆక్సిలరేటర్ మీద 3,000 ఆర్‌పీఎం నిలబెడితే, మరొకరు కింది పైపును దూరం నుంచి గమనించాలి. అది చదునుగా అణిగిపోతుంటే లోపలి స్ప్రింగు పోయింది లేదా రేడియేటర్ పూడుకుపోయింది.

రేడియేటర్ లోపలి పూడికను ఉష్ణోగ్రతే పట్టిస్తుంది. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు, వేడెక్కిన రేడియేటర్ ముఖమంతా అంగుళం అంగుళంగా కొలుచుకుంటూ వెళితే వేడి క్రమంగా తగ్గుతూ పోవాలి. మధ్యలో చేతి వెడల్పు మేర హఠాత్తుగా చల్లగా ఉన్న పట్టీ కనిపిస్తే ఆ గొట్టాల్లో నీరు పారడం లేదు. కడిగి నడిపించే ప్రయత్నం కంటే మార్చడమే మంచిది. మందులు పోసి కడిగితే ఊడిన పొలుసులు హీటర్‌లోనో ఆయిల్ కూలర్‌లోనో చిక్కుకుంటాయి.

ఏడో మెట్టు: మండిన గ్యాసు కూలెంట్‌లోకి చేరుతోందా?

ఖర్చు లేని పరీక్ష ముందు. ఉదయం చల్లని ఇంజిన్ మీద మూత తెరిచి, ఉన్న పీడనం వదిలేసి, మళ్ళీ బిగించి స్టార్ట్ చేయండి. రెండు నిమిషాల్లో, ఇంకా 40 డిగ్రీలు కూడా రాకముందే పై పైపు రాయిలా గట్టిపడితే అది వేడి వల్ల వచ్చిన పీడనం కాదు. అలాగే, సాయంత్రం ఆపిన కారు పైపు మరుసటి ఉదయం కూడా గట్టిగానే ఉండి, మూత తీయగానే బుస్సుమంటే లోపల ఉన్నది ఆవిరి కాదు, గ్యాసు.

తరువాత రసాయన పరీక్ష. నీలి రంగు ద్రవం ఉన్న గొట్టాన్ని మూత స్థానంలో పెట్టి, పైన చేరిన గాలిని దాని గుండా లాగితే, కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు ద్రవం పసుపుగా మారుతుంది. కూలెంట్ ఆ ద్రవంలోకి వస్తే ఫలితం చెల్లదు కనుక ముందుగా స్థాయిని కొద్దిగా తగ్గించుకోవాలి. రంగు మారలేదని కేసు మూసేయవద్దు. ఇంజిన్ మీద భారం పడినప్పుడే లీకయ్యే గాస్కెట్లు ఐడిల్‌లో నిర్దోషిగా బయటపడతాయి. అప్పుడు లీక్‌డౌన్ పరీక్ష చేయాలి: ఒక్కో సిలిండర్‌ను పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో నిలిపి, కంప్రెసర్ గాలి ఎక్కించి, కూలెంట్ ట్యాంకులో బుడగల కోసం చూడాలి. ఏ సిలిండరో కూడా ఇందులో తెలుస్తుంది. ఆ సిలిండర్ ప్లగ్ మిగతావాటి కంటే వింతగా శుభ్రంగా, ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉండటం అదనపు సాక్ష్యం.

మాజ్దా ఆర్‌ఎక్స్-7 వంటి రోటరీ ఇంజిన్లలో హెడ్ గాస్కెట్ ఉండదు. హౌసింగ్‌లకూ పక్క పలకలకూ మధ్య ఉండే కూలెంట్ సీళ్ళు ఆ స్థానంలో ఉంటాయి. వాటి లక్షణాలూ, పరీక్షలూ ఇవే. రాత్రంతా ఆగాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు తియ్యని వాసనతో తెల్లటి పొగ రావడం వీటిలో తొలి హెచ్చరిక. ఆ ఇంజిన్లు ఒక్కసారి మితిమీరి వేడెక్కడాన్ని కూడా క్షమించవు.

ట్రాక్ మీద మాత్రమే వేడెక్కితే

పై పరీక్షలన్నీ నెగ్గిన కారు ట్రాక్ మీద నాలుగో ల్యాపుకు వేడెక్కుతుంటే, అది చెడిపోలేదు. పుట్టే వేడిని వదిలించుకునే సామర్థ్యం చాలడం లేదు. ముందు ఆయిల్ ఉష్ణోగ్రతను కూలెంట్‌తో పాటు రికార్డు చేయండి. కూలెంట్ 100 దగ్గర ఉండి ఆయిల్ 130 దాటుతుంటే పెద్ద రేడియేటర్ కొన్నా ఉపయోగం తక్కువ. ఆయిల్ కూలర్ కావాలి. ఆయిల్ కూలర్ లేకుండా వచ్చిన తొలి నిస్సాన్ 370జెడ్ కార్లు ట్రాక్ మీద ఆయిల్ బాగా వేడెక్కగానే తమ ఇంజిన్ శక్తిని తగ్గించుకునేవి.

ఇంజిన్ శక్తిని పెంచి ఉంటే ట్యూనింగ్‌ను కూడా చూడాలి. గాలికి తగినంత ఇంధనం అందకపోయినా, స్పార్క్ పడే సమయం (ఇగ్నిషన్ టైమింగ్) ఆలస్యమైనా, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా హెడ్‌లోకి చేరే వేడి పెరుగుతుంది. రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), కండెన్సర్, కొత్తగా పెట్టిన ఆయిల్ కూలర్ వరుసగా నిలబెడితే రేడియేటర్‌కు చేరేది అప్పటికే కాగిన గాలి. ఆయిల్ కూలర్‌ను పక్కకు మార్చి, దానికి వేరే గాలి దారి ఇవ్వడం చాలాసార్లు పెద్ద రేడియేటర్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. గ్లైకాల్ కంటే నీరు వేడిని బాగా మోస్తుంది కనుక, గడ్డకట్టే చలి లేని చోట ట్రాక్ కోసం గ్లైకాల్ శాతం తగ్గించి, డిస్టిల్డ్ నీటికి తుప్పు నిరోధకం కలిపి వాడవచ్చు. ఒలికితే జారుడుగా ఉంటుందని చాలా ట్రాక్‌లు గ్లైకాల్‌ను అసలు అనుమతించవు. అయితే ఉత్త నీరు ముందుగా మరుగుతుంది, కాబట్టి మూత ఆరోగ్యంగా ఉండాలన్న షరతు దీనికి ఉంది.

థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసేయమనే సలహాను మాత్రం పాటించవద్దు. చాలా ఇంజిన్లలో అది తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని కూడా మూస్తుంది. అది లేకపోతే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌ను తప్పించుకుని వేడిగానే మళ్ళీ ఇంజిన్‌లోకి వస్తుంది.

మరమ్మతు తరువాత

మొదట రాసుకున్న పరిస్థితినే మళ్ళీ సృష్టించండి: అదే రోడ్డు, అదే వేగం, అంతే సేపు, వీలైతే అంతే ఎండ, స్కానర్ రికార్డు చేస్తూ. ఐడిల్‌లో ఫ్యాన్ కనీసం రెండుసార్లు మొదలై ఆగేవరకు చూడాలి. మొదటి మూడు ప్రయాణాల తరువాత ప్రతిసారీ ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక స్థాయి చూసి, ట్యాంకు మీద మార్కరుతో గీత పెట్టండి. మొదటిసారి కొద్దిగా దిగడం మిగిలిన గాలి బయటపడటం వల్ల కావచ్చు. మూడోసారి కూడా గీత కిందికి దిగితే పీడన పరీక్ష పంపును మళ్ళీ బయటికి తీయాలి.